కోడీ కుంపటీ

తన కోడీ, తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ మనందరికీ తెలిసిందే. ఆవిడ కోడి కూస్తేనే ఊరు లేచేది. ఆవిడ కుంపట్లోంచి నిప్పు తెచ్చుకుంటేనే ఇళ్లల్లో పొయ్యిలు రాజుకునేవి. ఓరోజు ఊరి మీద అలిగి, కోడిని చంకన పెట్టుకుని, కుంపటి చేత పట్టుకుని ఎక్కడికో వెళ్లి కూర్చుంది. ఊరికి మామూలుగానే తెల్లవారింది. అప్పట్నించీ ఎవరైనా కాస్త గొప్పలకి పోతే ఆ ముసలమ్మని తలుచుకుని నవ్వుకోవడం మనకి అలవాటైపోయింది.

నాకు మాత్రం ఈమధ్య ఆవిడ మీద గౌరవం పెరిగింది. ఎందుకంటారా? గుడ్లు పొదిగించడం గురించి దొరికిన పుస్తకాలన్నీ ముందేసుకుని చదివాను. చదివితే తేలిందేమిటంటే, కోడికీ కుంపటికీ మధ్య రెండు వేల ఏళ్లకి పైగా ఓ పోటీ నడుస్తూ వచ్చింది. కోడి చేసే పని కుంపటి చేత చేయించగలమా అని ఎంతమంది బుర్రలు బద్దలు కొట్టుకున్నారో! ఆ పోటీ చివరికి ఎక్కడ తేలిందో తెలిస్తే మీరూ ముసలమ్మని చూసి అంత తొందరగా నవ్వరు.

అన్నట్టు, సామెతలో కోడి పుంజు. ఓ కూత కూసి పేరంతా అదే కొట్టేసింది. నేను చెప్పబోయేది పెట్ట సంగతి. 21 రోజులు నోరెత్తకుండా గంపలో కూర్చుని తన పని తాను చేసుకుపోయేదాని సంగతి. ఆడవాళ్లం చదువుకునే పేజీల్లో ఆ మాత్రం పక్షపాతం ఉంటే తప్పులేదు లెండి.

మా పెద్దమ్మది కృష్ణా జిల్లాలో ఓ పల్లెటూరు. సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడల్లా వాళ్ల వసారాలో ఓ మూల గంప కనిపించేది. పెట్ట గుడ్లు పెట్టడం మానేసి, ఒళ్లంతా ఉబ్బించుకుని, దగ్గరికెళితే కుర్రుమని కసురుకుంటూ మూలలు వెతుక్కుంటోందంటే, "దీనికి తల్లి పిచ్చి పట్టిందే" అనేది పెద్దమ్మ. ఇక పొదగెయ్యడానికి ఏర్పాట్లు మొదలు. వెదురు గంపలో అడుగున ఇసక, దాని మీద మెత్తగా నలిపిన ఎండు గడ్డి. గుడ్లు ఏరడంలో పెళ్లిచూపులకి మించిన పట్టింపులు! మరీ పెద్దవి పనికిరావు, మరీ చిన్నవి పనికిరావు. వారం దాటినవి కూరకే. కడగకూడదు, బీట ఉండకూడదు. లెక్క బేసి ఉండాలి, పదకొండో పదమూడో. ఆఖర్న గడ్డిలోకి ఓ బొగ్గుముక్క, రెండు ఎండు మిరపకాయలు, ఓ ఇనపమేకు దోపేది. ఉరుములకి గుడ్లు మురిగిపోకుండానట.

వారం తిరిగాక రాత్రిపూట గది తలుపులు మూసి, లాంతరు వెలుగుకి అడ్డంగా గుడ్డుని గుప్పిట్లో పట్టుకుని చూసేది. లోపల సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తే ప్రాణం పోసుకున్నట్టు. తేటగా కనిపిస్తే వట్టిది. వట్టివి తీసేసి మిగతావి మళ్లీ పెట్ట కిందకి సర్దేది. పెద్దమ్మ బడికి వెళ్లింది రెండో తరగతి దాకానే. అయితేనేం, ఇవాళ పెద్ద పెద్ద హేచరీల్లో దీపం పెట్టి చేసే పరీక్ష కూడా సరిగ్గా ఇదే.

ఇక పెట్ట చేసే పని చూడండి. పొదుగుకి కూర్చునే ముందు దాని రొమ్ము కింద ఈకలు పలచబడి చర్మం బయటపడుతుంది, ఒంటి వేడి నేరుగా గుడ్డుకి తగలాలని. గుడ్డుకి కావలసిన వేడి సుమారు 37.5 డిగ్రీల సెల్సియస్. మన ఒంటి వేడికి దగ్గరదగ్గరగా అంతే. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయి చాలాసేపు అలాగే ఉంటే పిల్ల దక్కదు. వేడి ఒక్కటీ చాలదు. రోజుకి చాలాసార్లు ముక్కుతో గుడ్లు దొర్లిస్తుంది. లేకపోతే లోపలి పిండం పెంకు లోపలి పొరకి అంటుకుపోతుంది. అంచున ఉన్న గుడ్లని మధ్యకి, మధ్యవాటిని అంచుకి జరుపుతుంది, ఏ బిడ్డకీ లోటు రాకుండా. రోజుకోసారి మాత్రం లేచి, ఓ పావుగంటలో నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, ఒళ్లు దులుపుకుని పరుగున వచ్చేస్తుంది. ఆఖరి మూడు రోజులు గుడ్లు కదపదు. లోపల పిల్ల బయటికి రావడానికి సర్దుకుంటోంది కదా! పెంకు పగలకముందే లోపలినించి కిచకిచలు వినిపిస్తాయి. పెట్ట మెల్లగా కొక్కొక్కుమని బదులిస్తుంది. పురిటి గది బయట కూర్చున్న అమ్మమ్మలా.

పిల్లలు పెద్దవయ్యాక అమ్మిన డబ్బు పెద్దమ్మ కొంగున ముడేసుకునేది. వడ్ల డబ్బు, మినుముల డబ్బు పెదనాన్న లెక్క. కోళ్ల డబ్బు గురించి ఆయన అడగడు, ఈవిడ చెప్పదు. పుట్టింటికి వెళ్లేటప్పుడు బస్సు చార్జీలూ, మాకు గాజులూ ఆ ముడిలోంచే వచ్చేవి. మన పల్లెటూళ్లలో ఎంతోమంది ఆడవాళ్లకి మొగుడి చేతికేసి చూడక్కర్లేని మొదటి రాబడి ఈ గంప కిందే పుట్టింది.

పెద్దమ్మ దోపిన ఆ ఇనపమేకు నాకు మళ్లీ ఎక్కడ కనిపించిందో తెలుసా? రోమన్ల పుస్తకంలో. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో కొలుమెల్లా అనే ఆయన వ్యవసాయం మీద పెద్ద గ్రంథం రాశాడు. అందులో కోడిని పొదగేసే పద్ధతి చెబుతూ, గుడ్ల లెక్క బేసి ఉండాలన్నాడు. ఉరుములకి చెడిపోకుండా గడ్డి కింద వెల్లుల్లిపాయలూ, ఇనపమేకులూ పెడతారని కూడా రాశాడు. మిరపకాయ అప్పటికి అమెరికా ఖండం దాటి రాలేదు గనక పాపం వెల్లుల్లితో సరిపెట్టుకున్నారు కాబోలు! ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారన్న వాదం నాకొద్దు. ఉరుము ఎక్కడైనా ఉరుమే, మురిగిన గుడ్డు ఎక్కడైనా నష్టమే.

ఆ రోములోనే ఇంకో కథ ఉంది. లివియా అనే ఓ పెద్దింటి ఆడపడుచు కడుపుతో ఉంది. పుట్టేది మగబిడ్డా ఆడబిడ్డా అని తెలుసుకోవాలని, ఓ కోడిగుడ్డుని గుండెల దగ్గర దాచుకుని తన ఒంటి వేడితోనే పొదిగిందట. ఎప్పుడైనా తీయవలసి వస్తే దాది గుండెల మీదకి మార్చేదట, వెచ్చదనం తెగిపోకుండా. చివరికి గుడ్డులోంచి పుంజుపిల్ల వచ్చింది. క్రీస్తుపూర్వం 42లో ఆవిడకి కొడుకూ పుట్టాడు. అతనే తర్వాత రోము చక్రవర్తి అయిన టైబీరియస్. శకునం మాటకేం గానీ, నాకు నచ్చింది ఆ చేతులు మార్చుకోవడం. దాది గుండె అయితేనేం, దొరసాని గుండె అయితేనేం, గుడ్డుకి కావలసింది వెచ్చదనం ఆగకపోవడం.

మగవాళ్ల కథ కూడా ఒకటుంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. అంతకు మూడు వందల ఏళ్ల ముందు అరిస్టాటిల్ రాసినదాంట్లో సిరక్యూస్ ఊళ్లో ఓ తాగుబోతు వస్తాడు. గుడ్లని చాప కింద పెట్టుకుని కూర్చుని, అవి పిల్లలయ్యేదాకా తాగుతూనే ఉన్నాడట! వెచ్చగా కూర్చోవడానికి ఎవరి సాకు వాళ్లది. అరిస్టాటిల్ మాత్రం ఆషామాషీ మనిషి కాదు. పొదిగేసిన గుడ్లని వరసగా పగలగొట్టి, లోపల ఏ రోజుకి ఏం ఏర్పడుతుందో గమనించి రాసిపెట్టాడు. మూడు పగళ్లూ మూడు రాత్రులూ గడిచేసరికి తెల్లసొనలో ఓ నెత్తుటి చుక్క కనిపిస్తుందనీ, అది ప్రాణమున్నట్టు కొట్టుకుంటుందనీ, అదే గుండె అనీ చెప్పాడు. లాంతరు ముందు పెద్దమ్మ వెతికింది కూడా ఆ ప్రాణాన్నే.

లివియా కథ రాసిన ప్లీనీయే ఇంకో మాట కూడా రాశాడు. గుడ్లని పొట్టులో పెట్టి, సన్నని సెగ తగిలిస్తూ, మనిషి చేత తిప్పించి పొదిగించే కొత్త పద్ధతి బహుశా దీన్నించే పుట్టిందేమో అని. ఇదిగో, కుంపటి రంగంలోకి దిగింది.

నిజానికి కుంపటి విద్యలో ఆరితేరినవాళ్లు ఈజిప్టు వాళ్లు. అరిస్టాటిల్ నాటికే వాళ్లు గుడ్లని పేడకుప్పల వేడితో పొదిగించేవారు. తర్వాత మట్టి ఇటుకలతో పెద్ద పెద్ద గూళ్లు కట్టారు. మధ్యన సన్నని నడవ, అటూ ఇటూ రెండంతస్తుల గదులు. కింది గదిలో వేలకొద్దీ గుడ్లు, పై గదిలో గడ్డి కలిపిన పిడకల నిప్పు. మంట ఉండకూడదు, సెగ మాత్రమే. మనిషి లోపల పాక్కుంటూ వెళ్లి గుడ్లు తిప్పి రావాలి. సగం రోజులు గడిచాక నిప్పు ఆర్పేసేవారు. అప్పటికి లోపలి పిల్లల ఒంటి వేడే ఒకదానికొకటి సరిపోయేది.

థర్మామీటర్ లేని రోజుల్లో వేడి సరిగ్గా ఉందో లేదో ఎలా తెలిసేది? గుడ్డుని తీసి కనురెప్పకి ఆనించుకునేవారు! పసిబిడ్డకి పాలు పట్టేముందు మనం మణికట్టు మీద చుక్క వేసుకుంటాం చూడండి, అలాగన్నమాట. కనురెప్ప చర్మం పలచన. కాస్త తేడా ఉన్నా పట్టేస్తుంది. ఆ విద్య తండ్రినించి కొడుక్కి రావలసిందే, బయటివాళ్లకి చెప్పేవారు కారు. ఊళ్లోవాళ్లు గుడ్లు తెచ్చి ఇస్తే, మూడింటికి రెండు పిల్లల చొప్పున తిరిగి ఇచ్చే ఒప్పందం. అంతకు మించి దక్కితే గూడువాడి లాభం. పెద్దమ్మ పదమూడు గుడ్లకి తొమ్మిదో పదో పిల్లల్ని లేపితే మురిసిపోయేది. లెక్క ఇంచుమించు ఒక్కటే!

ఆ గూళ్ల కబుర్లు విన్న యూరపు వాళ్లకి నిద్రపట్టలేదు. అందరిలోకీ పట్టుదలగా కూర్చున్నవాడు ఫ్రాన్సు దేశపు రొమూర్. థర్మామీటర్ల మీద పనిచేసిన శాస్త్రజ్ఞుడాయన. కుళ్లుతున్న పేడకుప్పలో పీపాలు దించి, వాటిలో గుడ్లు వేలాడదీసి చూశాడు. పారిస్‌లో సన్యాసినుల మఠంలో రొట్టెలు కాల్చే పొయ్యి ఉంటే దాని పైగదిలో గుడ్లు పెట్టించాడు. ఆ సన్యాసినులే ఓపిగ్గా చూసుకున్నారు. 1749లో ఆయన ఇదంతా పెద్ద పుస్తకంగా వేశాడు. కనురెప్ప చేసే పని ఇక థర్మామీటర్ చేస్తుందన్నమాట.

అయితే ఆయనకి ఓ చిక్కు వచ్చిపడింది. పిల్లలు పుట్టాయి సరే, వాటిని రెక్కల కింద దాచుకునేదెవరు? గుడ్డులోంచి వచ్చిన పిల్లకి ఒంటి మీద నూగే గానీ ఈకలుండవు. తన వేడి తాను నిలుపుకోలేదు. అందుకని రొమూర్ ఓ ఏటవాలు పెట్టె చేయించి, లోపల గొర్రెబొచ్చు తోలు పరిపించాడు. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క వంగి ఉండేది, పిల్లలు దూరి వీపు ఆనించుకోవడానికి. దానికి ఆయన పెట్టిన పేరు 'కృత్రిమ తల్లి'. పొదగడం ఒక ఎత్తు, పొదిగాక సాకడం ఇంకో ఎత్తు అని ఎంత పెద్ద శాస్త్రజ్ఞుడికైనా తెలిసొచ్చింది.

ఇవాళ మేడ మీద నాలుగు కోళ్లు పెంచుకుందామని సరదాపడేవాళ్లు మన చుట్టూ కనిపిస్తున్నారు. చిన్న ఇంకుబేటర్ కొనుక్కుని గుడ్లు పెడుతున్నారు. వాళ్లకీ రొమూర్‌కి వచ్చిన చిక్కే వస్తుంది. కాబట్టి ఇరవయ్యో రోజుకే పిల్లల ఇల్లు సిద్ధం చేసుకోవాలి. లోతైన అట్టపెట్టె చాలు. అడుగున ఊక, మొదటి రెండు మూడు రోజులు దాని మీద కాళ్లు జారని గరుకు కాగితం. ఒక పక్కగా బల్బు వేలాడదీయాలి. దాని కింద మొదటి వారం 35 డిగ్రీల దాకా వేడి ఉండాలి, తర్వాత వారానికి ఓ రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ కంటే పిల్లలే బాగా చెబుతాయి. అన్నీ దీపం కింద ఒకదాని మీద ఒకటి పడి అరుస్తుంటే చలి. దూరంగా మూలలకి పోయి నోళ్లు తెరుచుకుంటే ఉక్క. పెట్టె అంతా హాయిగా తిరుగుతుంటే సరిపోయిందని అర్థం. నీళ్లగిన్నె లోతు ఉండకూడదు. గులకరాళ్లు వేస్తే ఇంకా మంచిది, పిల్లలు పడి తడిసిపోకుండా. ముందు నీళ్లు చూపించి తర్వాత సన్నని నూకలూ, పిల్లల దాణా. ఇంకోమాట. పెంకు చిట్లించిన పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి ఓ పూట, ఒక్కోసారి ఓ రోజు పడుతుంది. జాలిపడి పెంకు వలవకండి. లోపలి రక్తనాళాలు ఆరేలోగా లాగితే ప్రాణానికే ముప్పు. పురుడు తొందరపెట్టకూడదని మన పెద్దవాళ్లు ఊరికే అన్నారా!

మళ్లీ చరిత్రకి వద్దాం. గుడ్డులోంచి రాబోయే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనని పొట్టలోకి లాక్కుంటుంది. దారిబత్తెం అన్నమాట. రెండు మూడు రోజులు తిండీ నీళ్లూ లేకపోయినా బతుకుతుంది. ముందు లేచిన పిల్లలు వెనక లేచేవాటి కోసం తల్లి కింద ఆగడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. వ్యాపారులు దీన్ని వేరే దారిలో వాడుకున్నారు. ఒక రోజు పిల్లల్ని చిల్లులున్న పెట్టెల్లో పెట్టి దూరాభారం పంపించొచ్చు కదా! 1918 నించీ అమెరికా తపాలా శాఖ కోడిపిల్లల్ని కూడా పార్సిలుగా తీసుకోవడం మొదలుపెట్టింది.

1923లో డెలావేర్ రాష్ట్రంలో సెసిల్ స్టీల్ అనే ఇల్లాలు గుడ్ల కోసమని 50 పిల్లలు పంపమని రాసింది. హేచరీ వాళ్లు సున్నా ఎక్కువ చదువుకున్నారు. 500 పిల్లలు వచ్చి గుమ్మంలో దిగాయి! మనమైతే ఏం చేసేవాళ్లమో గానీ, ఆవిడ వెనక్కి పంపలేదు. చిన్న షెడ్డు వేయించి, పొయ్యి పెట్టి అన్నిటినీ సాకింది. బతికిన 387 కోళ్లని పౌను 62 సెంట్ల చొప్పున మాంసానికి అమ్మితే లాభం కళ్లజూసింది. మూడేళ్లు తిరిగేసరికి పది వేల కోళ్ల షెడ్డు కట్టింది. ఉద్యోగం మానేసి ఆయనగారు కూడా ఆవిడ వెనకే వచ్చారు. ఇవాళ బ్రాయిలర్ అని మనం పిలుచుకునే ప్రపంచవ్యాప్త పరిశ్రమకి నాంది ఆ ఇల్లాలి షెడ్డే అంటారు.

మన దేశంలో ఆ పరిశ్రమని పెద్దయెత్తున నిలబెట్టినవాళ్లలో ముఖ్యులు మన తెలుగువారు బి.వి.రావు. 1971లో పుణెలో వెంకటేశ్వర హేచరీస్ మొదలైంది. 1982లో రైతులు తమ గుడ్ల ధర తామే నిర్ణయించుకోవడానికి కట్టిన గుడ్ల సమన్వయ సంఘం వెనక కూడా ఆయనే ఉన్నారు. ఒకప్పుడు జ్వరం వచ్చి తగ్గినవాళ్లకి పెట్టే గుడ్డు ఇవాళ బడి పిల్లల మధ్యాహ్నం కంచంలో ఉందంటే ఈ మార్పు వల్లే. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

కానీ ఖరీదు లేకుండా ఏదీ రాదు కదా. గుడ్ల కోసం పెంచే కోడి ఏడాదికి 300కి పైగా పెడుతుంది. పొదుగుకి కూర్చుంటే గుడ్లు ఆగిపోతాయి. అందుకని కూర్చునే బుద్ధి లేని కోళ్లనే తరతరాలుగా ఏరుకుంటూ వచ్చారు. ఇప్పుడా పెట్టలకి పొదగడమే తెలియదు. కుంపటి నెగ్గింది, కోడి తన విద్య మర్చిపోయింది. ఇంకో చేదు నిజం. ఆ జాతిలో పుట్టిన పుంజుపిల్ల గుడ్లూ పెట్టదు, మాంసానికీ ఎదగదు గనక పుట్టిన రోజే చంపేస్తారు. లోకంలో చాలాచోట్ల ఇదే పద్ధతి. జర్మనీ 2022 నించి దాన్ని చట్టం చేసి మాన్పించింది. ఆడపిల్ల పుట్టిందని ముఖం ముడుచుకునే మన లోకంలో మగపిల్లవాడు పనికిరాని చోటు ఇదొక్కటేనేమో. అయినా సంతోషించడానికి మనసు రాదు. పొదగడం తెలిసిన పెట్ట ఇంకా మిగిలి ఉందంటే అది మన నాటుకోడే.

ఇంతటితో అయిపోతే ఇది కోళ్ల కథే. అసలు మలుపు 1878లో వచ్చింది. పారిస్‌లో స్తెఫాన్ టార్నియే అనే పురుళ్ల డాక్టరు జంతు ప్రదర్శనశాలకి వెళ్లాడు. అక్కడ కోడిగుడ్లు పొదిగే పెట్టెలు చూశాడు. అందరూ చూసి ముచ్చటపడి వెళ్లిపోయే వస్తువు. ఆయనకి మాత్రం తన ఆస్పత్రిలో నెలలు నిండకుండా పుట్టి, దూదిలో చుట్టినా చల్లబడి రాలిపోతున్న పసికందులు గుర్తొచ్చారు. ఆ పెట్టెలు చేసిన ఓదిల్ మార్తాఁ చేతనే పిల్లల కోసం ఓ పెట్టె చేయించాడు. గోడల మధ్య రంపపు పొట్టు, అడుగు అరలో వేడినీళ్లు, పై అరలో పసిపిల్లలు. 1880లో అది పారిస్ ప్రసూతి ఆస్పత్రిలోకి వచ్చింది. రెండు కిలోల లోపు బరువున్న పిల్లల్లో అంతకుముందు నూటికి 66 మంది చనిపోయేవారు. మూడేళ్లలో ఆ లెక్క 38కి దిగింది. ఫ్రెంచి వాళ్లు ఆ పెట్టెకి పెట్టుకున్న పేరు 'కువ్యూజ్'. పొదిగే పెట్టకి కూడా వాళ్ల భాషలో అదే మాట!

మా చెల్లెలి మనవరాలు ఏడో నెలలోనే భూమ్మీద పడింది. కిలో మూడు వందలు. అద్దాల పెట్టెలో అరచేతి పొడుగు బిడ్డ, ఒంటినిండా తీగలు. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఎత్తుకోవడానికి కూడా లేదా దీన్ని?" అంది. అక్కడి నర్సమ్మాయి విని, "ఎందుకు లేదమ్మా? ఊపిరి నిలకడగా ఉంది. రేపట్నించి తల్లి గుండెల మీదే పడుకోబెడతాం. ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు. తల్లి స్నానానికి లేస్తే మీరు పెట్టుకోండి" అంది. నాకు చప్పున లివియా దాది గుర్తొచ్చింది.

దీనికీ ఓ చరిత్ర ఉంది. 1978 ప్రాంతంలో కొలంబియా దేశంలో బొగోటా ఆస్పత్రిలో పిల్లలు ఎక్కువ, ఇంకుబేటర్లు తక్కువ. ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గుర్ని పెట్టవలసి వచ్చేది. ఎడ్గర్ రే అనే పిల్లల డాక్టరు, తల్లి రొమ్ముల మధ్య బిడ్డని చర్మానికి చర్మం తగిలేలా కట్టించాడు. కంగారూ సంచిలాగా ఉందని దానికి కంగారూ పద్ధతి అని పేరొచ్చింది. మొదట్లో బీదదేశాలకి గతిలేక చేసేది అనుకున్నారు. తర్వాత మన దేశంతో సహా అయిదు దేశాల్లో పెద్ద పరీక్ష జరిపారు. పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద పెట్టిన పిల్లల్లో నూటికి 12 మంది, ముందు యంత్రాల దగ్గర ఉంచిన పిల్లల్లో నూటికి 15.7 మంది చనిపోయారు. 2021లో ఈ ఫలితం బయటికొచ్చింది. మరుసటేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నెలలు నిండని, బరువు తక్కువైన పిల్లలకి పుట్టిన వెంటనే ఇదే చెయ్యమంది. ఊపిరి అందక ప్రాణం మీదికొచ్చిన బిడ్డకి యంత్రం కావలసిందే, అందులో అనుమానం లేదు. కానీ వెచ్చదనానికి మొదటి చోటు తల్లి గుండే అని లెక్కలు వేసి మరీ తేల్చారు.

కోడినించి కుంపటికి, కుంపటినించి అద్దాల పెట్టెకి, అక్కణ్నించి మళ్లీ తల్లి రొమ్ము మీదికి. ఇంతదూరం తిరిగొచ్చాక నాకర్థమైంది ఒక్కటే. వేడి కుంపటీ ఇస్తుంది. వేళకి తిప్పడం, అంచున ఉన్నదాన్ని మధ్యకి జరపడం, లోపలినించి కిచకిచ వినపడితే బదులు పలకడం, తాను లేవవలసి వస్తే ఇంకొకరికి అప్పజెప్పడం, ఇవి కూడా కలిస్తేనే పొదగడం. కుంపటికి ఇవి నేర్పడానికే అంతమంది అన్ని తరాలు తంటాలు పడ్డారు.

మా చెల్లెలి మనవరాలు కిందటి జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. క్షణం కుదురుగా ఉండదు.

ఆ ముసలమ్మ కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారడం మానదు, నిజమే. కానీ ఆ రెండూ లేకపోతే తెల్లవారని ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఈసారి ఎవరైనా సామెత చెప్పి ఆవిణ్ని వెక్కిరిస్తే ఆ మాట కూడా చెప్పండి.